గంజి కేంద్రం నుంచి సన్నబియ్యం దాకా: తెలుగు నేల మీద తిండి పాలన

ఆహార భద్రత అన్న మాట సర్కారు కాగితాల్లోకి రాకముందు తెలుగు పల్లెలో ఆ పని చేసింది పాతర. రాయలసీమలో, తెలంగాణలో ఇంటి దగ్గరే లోతైన గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ ఎండుగడ్డి మందంగా పరిచి, జొన్నలు నింపి, పైన మూతవేసి మట్టితో మెత్తేవారు. గాలి చొరకపోతే గింజకు పురుగు పట్టదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. మూత తీసిన వెంటనే లోపలికి దిగితే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది కనుక కొంతసేపు తెరిచి ఉంచి, ఆ తర్వాతే మనిషి దిగేవాడు. కోస్తాలో వడ్లకు గాదెలు, గరిసెలు, గడ్డితాడు చుట్టి కట్టిన పురులు ఉండేవి. ఒక ఏడు వాన తప్పితే పాతర ఆదుకునేది. వరసగా రెండో ఏడూ తప్పితే దాని అడుగు కనిపించేది. భూమి లేని ఇళ్లకైతే అసలు పాతరే లేదు. వారి తిండి కాపు ఇంటి నుంచి కూలిగింజలుగా రావలసిందే. పొలంలో పని లేని రోజున ఆ గింజలూ ఉండవు. కరువు వచ్చినప్పుడల్లా ముందుగా రాలిపోయింది ఈ ఇళ్లవాళ్లే.

1832-33 నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. జిల్లాలో ఉన్న సుమారు ఐదు లక్షల మందిలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. అప్పటికి కుంఫిణీ ప్రభుత్వానికి తిండి తన బాధ్యత అన్న ఆలోచన లేదు. ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలుపెట్టరాదన్నది వారి సిద్ధాంతం. ధర పెరిగితే ధాన్యం దానంతట అదే వస్తుందని నమ్మారు. రావడానికి సరైన దారులు లేవు, కొనడానికి జనం చేతిలో డబ్బు లేదు. మనుషులు పోయాక పొలాలు బీడుపడ్డాయి, ఆ తర్వాత చాలా ఏళ్లు శిస్తు కోలుకోలేదు. మద్రాసు ప్రభుత్వాన్ని కదిలించింది ఆ శిస్తు లోటే.

గోదావరి మీద ఆనకట్ట కడితే పెట్టిన ఖర్చు శిస్తు రూపంలో తిరిగి వస్తుందని ఆర్థర్ కాటన్ లెక్క చూపించాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలైన పని 1852కు పూర్తయింది. అదే ఏడు బెజవాడ దగ్గర కృష్ణ మీద మొదలుపెట్టి 1855కు ముగించారు. డెల్టాలో కరువు అన్నది క్రమంగా పెద్దల నోట వినే మాట అయింది. తెలుగు నేల మీద ఆహార విధానమని చెప్పదగ్గ తొలి పెద్ద పని ఇదే. అది తిండిగా కాక నీరుగా వచ్చింది. ఆ నీరు ఎక్కడికి పారిందో అక్కడ వరి నిలిచింది. పారని చోట, అంటే కర్నూలు, బళ్లారి, కడప సీమల్లో, వాన మీదే బతుకు సాగింది. డెల్టాకూ మెట్టకూ మధ్య పడిన ఈ గీత తర్వాత నూటయాభై ఏళ్ల తిండి రాజకీయాలన్నిటి కిందా కనిపిస్తుంది.

మెట్ట సీమలో కరువుకు అడ్డుపడింది సర్కారు కంటే ముందు కొందరు వ్యక్తులు. 1866 కరువులో కర్నూలు సీమ ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన ఆస్తి ఖర్చుపెట్టి వేల మందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి పంపిన బంగారు పతకం ఆయనకు దక్కింది. పదేళ్లు తిరిగేసరికి ధాత నామ సంవత్సరం వచ్చింది. 1876-78 నాటి ఆ కరువు దక్షిణాదినంతా పట్టి పీడించింది. తెలుగు జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు ఎక్కువగా దెబ్బతిన్నాయి. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లో చావులు యాభై లక్షలు దాటాయని తర్వాత లెక్కకట్టారు.

ఈ కరువులో జరిగిన ఒక వాదాన్ని దగ్గరగా చూడాలి. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1873-74లో బీహారు కరువును ఎదుర్కొన్నాడు. బర్మా బియ్యం తెప్పించి పంచి, చావులు దాదాపు లేకుండా చేశాడు. దానికి మెప్పు రాకపోగా డబ్బు దుబారా చేశాడన్న నింద మోశాడు. 1877లో అతన్నే మద్రాసు కరువు మీదికి పంపినప్పుడు ఆ మచ్చ చెరుపుకోవాలన్న పట్టుదలతో వచ్చాడు. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే, రాళ్లు కొట్టే మగవాడికి ఒక పౌను ధాన్యానికి, అంటే సుమారు 450 గ్రాములకు సరిపడే కూలీ, దాని మీద కొద్దిపాటి పైకం చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీనికి గట్టిగా అడ్డుపడ్డాడు. పని చేసే మనిషికి పౌనున్నర ధాన్యం, దానితో పాటు పప్పూ కూరగాయలూ లేకపోతే శరీరం నిలవదని శిబిరాల్లోని చావుల లెక్కలతో నిలదీశాడు. కొన్ని నెలల తర్వాత కూలీ పెంచారు, అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. పెద్ద కలెక్టరు కచేరీల నుంచి చిన్న శిబిరాల దాకా ఒక మనిషి బతకడానికి ఎంత తిండి కావాలన్నది ప్రభుత్వం లెక్కవేయవలసిన ప్రశ్న అయింది ఇక్కడే. కార్నిష్ వాదన ముందే గెలిచి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో అన్న బాధ ఈ చరిత్ర చదివిన ఎవరినీ వదలదు.

ఆ చావుల మీద విచారణకు రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన వేసిన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. 1883లో కరువు నియమావళి ముసాయిదా వచ్చింది, దాని నమూనాలో ఒక్కో రాష్ట్రం సొంత నియమావళి రాసుకుంది. ధాన్యం ధర హఠాత్తుగా పెరగడం, అప్పు పుట్టకపోవడం, జనం పశువులతో ఊళ్లు వదిలి వెళ్లడం, చిల్లర దొంగతనాలు ఎక్కువవడం వంటి గుర్తులు కనబడితే కలెక్టరు ముందుగా పరీక్షకు కొన్ని పనులు తెరవాలి. జనం విరగబడి వస్తే కరువు ప్రకటించాలి. కూలీ ధాన్యం ధరను బట్టి మారాలి. పని చేయలేనివారికి వండి పెట్టాలి. చెరువులు, రోడ్లు, కాలువలు ఈ పనుల్లోనే తవ్వారు. మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే బకింగ్‌హామ్ కాలువ ముక్క నియమావళికి ముందే, 1877-78లో, కరువు కూలీల చేతుల మీదుగా వచ్చింది. నియమావళి చాలా ప్రాణాలు కాపాడింది. అయితే కరువని ప్రకటిస్తేనే దానికి కదలిక. ఏడాది పొడుగునా ఒంటిపూట తినే ఇల్లు దాని కంటికి ఆనదు.

ప్రభుత్వం ప్రతి నెలా ప్రతి ఇంటికీ ధాన్యం అందించే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం తెచ్చినది. మద్రాసు రాజధాని చాలాకాలం బర్మా బియ్యం మీద ఆధారపడింది. కాకినాడ, విశాఖ రేవుల నుంచి తెలుగు కూలీలు రంగూన్‌కు వెళ్లేవారు, అక్కడి నుంచి బియ్యం ఓడల్లో ఇటు వచ్చేది. 1942లో జపాను బర్మాను పట్టుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. మరుసటి ఏడు బెంగాల్ కరువు లక్షల మందిని బలిగొన్నది. గ్రెగరీ అధ్యక్షతన వేసిన ధాన్య విధాన సంఘం 1943లో పెద్ద నగరాల్లో రేషనింగ్ పెట్టాలని చెప్పింది. పట్నాల్లో కార్డులు వచ్చాయి. కార్డుకు సరిపడా ధాన్యం రాబట్టాలంటే మిగులు జిల్లాల రైతు దగ్గర కొనక తప్పదు. గోదావరి, కృష్ణా జిల్లాల రైతు తన ఇంటి ఖర్చుకు ఉంచుకున్నది పోను తక్కింది సర్కారు చెప్పిన ధరకు ఇవ్వవలసి వచ్చింది.

నైజాం రాజ్యంలో ఇదే పని లెవీ పేరుతో మరింత కఠినంగా సాగింది. పంట ఎంత పండిందో చూడకుండా ఎకరానికి ఇంతని కొలిచి ఇమ్మన్నారు. దేశ్‌ముఖులు, పటేలు పట్వారీలు తమ గాదెలు దాచుకుని ఆ భారాన్ని చిన్న రైతు మీదికి నెట్టారు. ఇవ్వడానికి గింజలు లేనివాడు బజారులో ఎక్కువ ధరకు కొని సర్కారుకు తక్కువ ధరకు కొలవవలసి వచ్చిన సందర్భాలున్నాయి. లెవీ గల్లా వసూలును అడ్డుకోవడం తెలంగాణ రైతాంగ పోరాటంలో మొదటి మెట్లలో ఒకటి. పేరు తిండి పంపిణీదే అయినా, పల్లెలో బలం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ధాన్యం సేకరిస్తే ఏమవుతుందో నల్లగొండ, వరంగల్ జిల్లాల అనుభవం చూపింది.

స్వాతంత్ర్యం తర్వాత కంట్రోళ్లు ఎత్తేయడం, మళ్లీ పెట్టడం రెండు మూడుసార్లు జరిగింది. 1952లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ధాన్యం కంట్రోళ్లు తీసేశారు. ఆ ఏడే రాయలసీమలో కరువు. ఊరూరా గంజి కేంద్రాలు తెరిచారు, బావులు లోతు చేయడానికి సైన్యం దిగింది. 1957లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ బియ్యం మండలం చేశారు. ఆంధ్ర బియ్యం కేరళకు ఆటంకం లేకుండా పోవాలన్నది దాని ఉద్దేశం. 1964లో ఒక్కో రాష్ట్రం ఒక్కో మండలమైంది, సరిహద్దుల్లో చెక్‌పోస్టులు వెలిశాయి. 1965 జనవరిలో తంజావూరులో భారత ఆహార సంస్థ మొదలైంది. పంటకు ధర సిఫారసు చేసే వ్యవసాయ ధరల కమిషన్ కూడా అదే నెల పుట్టింది. 1965, 1966లలో వరసగా వానలు తప్పి, అమెరికా నుంచి పీఎల్-480 ఆహార సాయం కింద వచ్చే గోధుమల కోసం దేశం ఓడల వైపు చూస్తూ గడిపింది. తర్వాతి పాతికేళ్ల విధానాన్ని నడిపింది ఆ అవమానమే.

పరిష్కారం మళ్లీ నీరున్న చోటే వెతికారు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పొట్టి వరి ఐఆర్-8ను పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి చూపించారు. ఎరువు వేస్తే పడిపోకుండా నిలిచే ఆ మొక్క డెల్టా రైతు లెక్కలన్నీ మార్చింది. అన్నం మాత్రం ముతకగా ఉండేది. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి ఆ లోటు తీర్చాయి. ఈ రెండు వంగడాలూ తెలుగు నేల దాటి తూర్పు భారతమంతా పాకాయి.

పండిన వడ్లు సర్కారుకు ఎలా చేరాలన్నదానికి ఆంధ్రప్రదేశ్ పంజాబు దారి పట్టలేదు. పంజాబులో ఆహార సంస్థ మండీల్లో నేరుగా వడ్లు కొనేది. ఇక్కడ మిల్లరు రైతు దగ్గర కొని, ఆడించిన బియ్యంలో ఒక భాగాన్ని నిర్ణయించిన ధరకు ఆహార సంస్థకు లెవీగా ఇవ్వాలి, మిగిలింది బజారులో అమ్ముకోవచ్చు. ఒక దశలో లెవీ వాటా 75 శాతం దాకా పోయింది. సర్కారుకు పని తేలికైంది, గోదాములు నిండాయి. రైతుకు మద్దతు ధర దక్కిందా లేదా అన్నది మాత్రం మిల్లరు దయ మీద ఆధారపడింది. తేమ, తాలు, రంగు పేరు చెప్పి కోసిన ధరకు పైన అడిగేవాడు లేడు. 2015 అక్టోబరు నుంచి కేంద్రం లెవీని పూర్తిగా రద్దు చేసే దాకా ఈ పద్ధతే నడిచింది.

పంపిణీ వైపు 1974లో రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ ఏర్పడింది. అయినా చౌక ధరల దుకాణం అప్పటికి ఎక్కువగా పట్నం వ్యవహారమే. అది పల్లెకు పూర్తిగా వచ్చింది ఎన్నికలతో. 1982 చివర కాంగ్రెస్ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి కిలో రూపాయి తొంభై పైసలకే బియ్యమన్నారు. కిలో రెండు రూపాయలకే ఇస్తామన్న ఎన్.టి. రామారావు 1983 జనవరిలో గెలిచారు. పది పైసలు తక్కువన్న మాటను జనం పట్టించుకోలేదు. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి మనిషికి 5 కిలోల చొప్పున, ఇంటికి 25 కిలోలు మించకుండా ఇచ్చారు. కార్డు అత్యధిక కుటుంబాల చేతికి వచ్చింది. ఆదాయం లెక్క పల్లెలో ఎవరూ తేల్చగలిగింది కాదు కనుక పొందదగనివారికీ అందింది. ఈ తప్పును ఎత్తిచూపినవారు ఎక్కువ. అసలు పేదను వదిలేయడం కంటే ఈ తప్పు చిన్నదని గుర్తించినవారు తక్కువ.

ఈ పథకం చేసిన మేలు కూలి ఇంట్లో కనబడింది. వ్యవసాయ పని లేని ఆషాఢ శ్రావణాల్లో అప్పు చేసి గింజలు తెచ్చుకుని, కోతల్లో రెట్టింపు కొలిచే పద్ధతి సడలింది. తిండి కోసం ఆసామి గడప ముందు నిలబడే అవసరం తగ్గితే కూలి రేటు అడిగే ధైర్యం వస్తుంది. అదే కాలంలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరా చేర్చింది. బియ్యం మీద ఇల్లు మిగుల్చుకున్నది సారా మీద పోయేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా మీద తిరగబడి లేచిన ఆడవాళ్లు ఈ లెక్కను ఎవరూ చెప్పకుండానే కట్టారు.

ఆ తర్వాత కిలో ధర రాష్ట్ర రాజకీయాలకు కొలతగా మారింది. 1992లో మూడున్నర రూపాయలు, 1994 చివర ఎన్టీఆర్ తిరిగి రాగానే మళ్లీ రెండు, 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వంలో మళ్లీ మూడున్నర, 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేతిలో తిరిగి రెండు, 2011 నవంబరు నుంచి కిరణ్‌కుమార్ రెడ్డి హయాంలో ఒక్క రూపాయి. కేంద్రం 1997లో దారిద్ర్యరేఖను బట్టి పంపిణీ మొదలుపెట్టింది, 2000లో కడు పేదలకు అంత్యోదయ తెచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోలను హక్కుగా మార్చింది. 2023 నుంచి ఆ ధాన్యం ఉచితం.

చట్టం జొన్న, సజ్జ, రాగులను కూడా కిలో రూపాయికి ఇవ్వవచ్చన్నది. తెలుగునాట చాలాకాలం ఇచ్చింది మాత్రం బియ్యమే. అనంతపురం, మహబూబ్‌నగర్ పల్లెల్లో పండగకే వండుకునే వరి అన్నం రెండు రూపాయల పుణ్యమా అని రోజూ కంచంలోకి వచ్చింది. పిల్లలకు తెల్లన్నం పెట్టగలగడం ఆ తల్లులకు గౌరవం, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తప్పు విధానంలో ఉంది. జొన్న, కొర్ర, సజ్జను సర్కారు పెద్దగా కొనలేదు, అమ్మలేదు, వాటి విత్తనం మీద వరి మీద పెట్టినంత శ్రద్ధ పెట్టలేదు. కొనేవాడు లేని పంట వేయడం రైతు మానుకున్నాడు. మెట్ట పొలాలు పత్తికి, వేరుశనగకు మళ్లాయి, కొన్ని బీడుపడ్డాయి.

దీనికి ఎదురు నిలిచిన ప్రయత్నం నాటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో జరిగింది. పస్తాపూర్ కేంద్రంగా పి.వి. సతీష్ తదితరులు నడిపిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో మహిళా సంఘాలు 1990ల మధ్యలో సొంత పంపిణీ కట్టుకున్నాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. బీడు పెట్టుకున్న చిన్న రైతుకు దుక్కికి, ఎరువుకు, విత్తనానికి సంఘం అప్పు ఇస్తుంది. అతను డబ్బుకు బదులు కొన్నేళ్ల పాటు జొన్నలు కొలుస్తాడు. ఆ జొన్నలు ఊళ్లోనే వేపాకు వేసి నిల్వ చేస్తారు. తిండికి కటకటలాడే నెలల్లో చౌక ధరకు అమ్ముతారు. ఎవరు బీదవారన్నది కార్యాలయంలో తేల్చరు. ఊరి పటం నేల మీద ముగ్గుతో, రంగులతో గీసి, ఇంటింటి పరిస్థితి అందరి ముందూ చర్చించి నిర్ణయిస్తారు. సర్కారు పద్ధతికి అందని మూడు పనులు, పంట పెంచడం, నిల్వ చేయడం, పంచడం, ఒకే ఊరి హద్దులో జరిగాయి. రాష్ట్రం దీన్ని ఎన్నడూ తన విధానంగా తీసుకోలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ రాయలసీమ కార్డులకు బియ్యంలో కొంత భాగం బదులు రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. జొన్న పోయిన ముప్పై ఏళ్ల తర్వాత వేసిన అడుగు అది.

వరి పండించేవాడికైనా మేలు జరిగిందా అంటే 2011 కోనసీమ జవాబు చెప్పింది. ఆ ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు నాటకుండా వదిలేశారు. కూలీ, ఎరువు ఖర్చులు పెరిగాయి, క్వింటా వడ్ల మద్దతు ధర 1,080 రూపాయలు. సాధారణ బియ్యం ఎగుమతి మీద 2007-08 నుంచి నిషేధం ఉండటంతో గోదాములు నిండి మిల్లర్లు కొనడం లేదు. తిండి చౌకగా ఉండాలన్న కోరికకు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నను, దేశానికి అన్నం పెట్టిన డెల్టా రైతే పొలం ఖాళీగా ఉంచి అడిగాడు. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది, ఎగుమతి నిషేధం ఆ సెప్టెంబరులో తొలగింది.

తెలంగాణలో 2014 తర్వాత వరి కొనుగోలు భారీగా పెరిగింది. కోతల కాలంలో మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రం దగ్గర రైతు ధాన్యం రాశి పోసి రోజుల తరబడి కాపలా ఉంటాడు. తేమ 17 శాతం లోపు దిగాలి. అది దిగేలోపు మబ్బు పడితే టార్పాలిన్ల కోసం పరుగులు. కాంటా అయ్యాక మిల్లుకు లారీ దొరకాలి, అక్కడ తరుగు పేరుతో కోత పడకుండా బయటపడాలి. మిల్లరు క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు సర్కారుకు తిరిగి ఇవ్వాలి. యాసంగి వడ్లు ఎండల తాకిడికి ఆడించినప్పుడు నూకగా విరుగుతాయి, అందుకే ఆ పంటను ఉప్పుడు బియ్యం చేస్తారు. 2021లో ఉప్పుడు బియ్యం ఇక తీసుకోమని కేంద్రం అన్నది. యాసంగిలో వరి వేయవద్దని రాష్ట్రం రైతుకు చెప్పింది. కాలువలు కట్టి వరి పండించమన్న చేత్తోనే వద్దన్న ఆ సంవత్సరం, పంట నిర్ణయాలు ఢిల్లీ గోదాముల్లో జరుగుతాయని పల్లె రైతుకు తేటగా తెలిసింది.

వినియోగదారు వైపు మరో చిక్కు ముదిరింది. డీలరు దగ్గర దొరికే దొడ్డు బియ్యం చాలా ఇళ్లు వండుకోవడం మానేశాయి. కార్డు మీద తెచ్చి, గడప దగ్గరే దళారికి అమ్మి, ఆ డబ్బుకు మరికొంత కలిపి సన్నబియ్యం కొనుక్కునేవారు. దళారి చేతి నుంచి ఆ బియ్యం పాలిష్ పట్టి మళ్లీ బజారుకో ఓడరేవుకో చేరేది. ఆంధ్రప్రదేశ్ 2021లో 9,260 వాహనాలతో ఇంటి ముందుకే బియ్యం పంపింది. 2025 జూన్‌లో ఆ వాహనాలు ఆపి మళ్లీ దుకాణాలకే వచ్చింది. తిరిగినది బండి, మారనిది బియ్యం. తెలంగాణ 2015లో హాస్టళ్లకు, బడి భోజనానికి సన్నబియ్యం ఇచ్చి మొదలుపెట్టింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డులకూ సన్నబియ్యం ప్రారంభించింది. అంతకు ముందు ఖరీఫ్ నుంచే సన్నవడ్లకు మద్దతు ధర మీద క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇచ్చింది. దాంతో కార్డుదారు తినే గింజకూ రైతు నాటే విత్తనానికీ ఒకే రాష్ట్రంలో, ఒకే లెక్కలో ముడి పడింది. ఆ ముడి మాగాణికి మాత్రమే. మెట్టలో జొన్న వేసే రైతుకు అలాంటి ముడి ఇంకా పడలేదు.